యోమ్ వారి ఆడపడుచులు

ఇల్లు అమ్మకానికి పెట్టారన్న కబురు యోమ్ పిల్నామ్‌కు అయినవాళ్ళెవరూ చెప్పలేదు. రెండు రోజుల కోసం ఆ ఇంట్లో దిగిన అతిథి ఒకడు చెప్పాడు, అదీ సోయా పులుసు జుర్రుకుంటూ.

"అమ్మమ్మా, ఇంత చక్కటి ఇల్లు ఎందుకు అమ్మేస్తున్నారు?"

"ఏ ఇల్లు?"

"ఇదేనండీ" అని ఫోను ఆమె వైపు తిప్పాడు.

పిల్నామ్ కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి లాక్కుని చూసింది. చరిత్ర గల పెద్దిల్లు, అతిథుల గదులు, వరి మడులు, మిరప చేలు, ఆపిల్ తోట, వెనక కొండతో సహా అమ్మబడును అని రాసుంది. కింద ఫొటో. పెంకుల కప్పు, వెడల్పాటి వసారా, వాకిట్లో జాడీల వరుస. ఆ జాడీల పక్కన వంగి క్యాబేజీలు కడుగుతున్న ఒక ముసలమ్మ వీపు. ఆ పూల చొక్కా ఆమెదే.

"నన్ను కూడా కలిపే అమ్ముతున్నట్టున్నారు బాబూ" అంది పిల్నామ్. "ఇంకాస్త పులుసు వెయ్యనా?"

వేసింది. గిన్నెలు తీసింది. ఇంటి వెనక్కి వెళ్ళి, గదుల నేల కిందికి మంట పంపే పొయ్యి ముందు చతికిలబడింది. పుల్లలు ఫటఫటా విరిచి మంటలో పడేసింది. ఏడ్చిందనుకుంటారేమో, కాదు. ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ సంగతి తెలిస్తే ఆ మంట ఎంతటిదో అర్థమవుతుంది. సోల్మే ఊళ్ళో యోమ్ వారి పెద్దింట్లో ఆమె అయిదో ఆడపిల్లగా పుట్టింది. వంశంలో పెద్ద కొడుకు ఉండే ఇల్లది, ఆస్తి మాత్రం వంశమంతటికీ ఉమ్మడి. ఏడాదికి ఎన్నిసార్లు పితృదేవతలకు భోజనాలు పెట్టాలో, అన్నిసార్లూ పెట్టేందుకు ఒక మగపిల్లాడు కావాలి. నలుగురు ఆడపిల్లలయ్యారు, ఐదోసారి పురిటిగది బయట తాతగారు పండగలకు పెట్టుకునే నల్లటి టోపీ పెట్టుకుని మరీ నిలబడ్డాడు. లోపల్నుంచి మాట రాగానే టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా పొలానికి వెళ్ళిపోయాడట. పేరు మాత్రం ఆయనే పెట్టాడు. పిల్నామ్, అంటే 'తప్పకుండా మగపిల్లాడే'. పిల్లకు పెట్టిన పేరు కాదది, దేవుళ్ళకు పెట్టిన అర్జీ. మూడేళ్ళకు తమ్ముడు జేయోంగ్ పుట్టాడు. అర్జీ చెల్లింది కాబట్టి ఇక ఆ పిల్లతో ఎవరికీ పని లేకపోయింది.

ఆరో తరగతితో బడి ఆపేశారు. ఇరవై ఒకటో ఏట పోహాంగ్‌లో హన్ వారింటికి ఇచ్చారు. ఆ రోజు నుంచి పుట్టింటి పెద్దలు ఆమెను పేరుపెట్టి పిలవడం మానేశారు. మా వైపు ఆనవాయితీ అంతే, ఏ ఇంటికి ఇస్తే ఆ ఇంటి పేరే పిలుపు. 'హన్ ఇల్లాలు వచ్చిందా, హన్ ఇల్లాలు వెళ్ళిందా.' మొగుడు పడవ మీద పనిచేసేవాడు. మంచివాడే, కాకపోతే సముద్రానికి ఆ సంగతి పట్టలేదు. నలభై నాలుగో ఏట ఆమె ఒంటరిదైంది. చేపల బజార్లో గట్టిగా అరిచి అమ్మడం అక్కడే నేర్చుకుంది. ఆ గొంతు తర్వాత చాలా పనికొచ్చింది.

తల్లి సమాధి మీద గడ్డి కోయడానికి సోల్మేకు వచ్చిన రోజున పెద్దిల్లు చూసింది. తమ్ముడు సియోల్లో ఇన్సూరెన్సు ఆఫీసులో స్థిరపడిపోయాడు, ఇల్లు తాళం వేసుంది. పెంకులు జారి, కాగితపు తలుపులు చిరిగి, వసారా పలకల సందుల్లోంచి మొక్కలు మొలిచాయి. సావిట్లో అడవిపిల్లి పిల్లలు పెట్టింది. ఆ ఇల్లు ఆమెకేం పెట్టిందని? ఏమీ లేదు. అయినా వెనక్కి వెళ్ళి, ఎండుపుల్లలేరి, పొయ్యి వెలిగించింది. నేల పగుళ్ళన్నింటిలోంచీ పొగ వచ్చింది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆ పగుళ్ళను ఒక్కొక్కటే మట్టితో పూడ్చుకుంటూ కూర్చుంది. పోహాంగ్‌కు తిరిగి వెళ్ళింది సామాన్లు తెచ్చుకోవడానికే.

బీడుపడ్డ మడులు దున్నించింది. మిరప వేసింది. ముసలి ఆపిల్ చెట్లను కత్తిరించి మళ్ళీ కాయించింది. కొండదారి వేసే కూలీలు ఒక వానాకాలంలో "రాత్రికి తలదాచుకోనిస్తావా అమ్మా" అని వస్తే గది ఇచ్చింది. వెచ్చటి నేల మీద పడుకుని, పొద్దున్నే వేడన్నం తిని, వాళ్ళు వెళ్ళి పది మందికి చెప్పారు. ఆ పదిమంది ఇంకో పదిమందికి. నాలుగేళ్ళు తిరిగేసరికి దేశం కాని దేశం వాళ్ళు కూడా వచ్చి ఆ ఇంట్లో గురక పెట్టారు. ఆ వచ్చిన దానితోనే పెంకులు మార్చింది, దూలాలు మార్చింది, తలుపులకు కొత్త కాగితం అంటించింది. వంశపెద్దలు ఏడాదికోసారి వచ్చి, "బాగుంది బాగుంది, మన పూర్వీకులు ఎంత గట్టిగా కట్టారో చూడండి" అని పొంగిపోయి వెళ్ళేవాళ్ళు.

ఇదీ ఆవిడ కోపం వెనకాల ఉన్నది. మర్నాడే దేగు నగరానికి బస్సెక్కింది.

వంశానికి పెద్ద యోమ్ గ్యూటేక్. పిల్నామ్ తండ్రికి పినతండ్రి కొడుకు, ఆమెకు బాబాయి వరస. ఎనభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో నగిషీ కర్ర. దేగులో పద్నాలుగో అంతస్తులో ఉంటాడు.

"వసంతంలోనే తీర్మానం అయిపోయిందమ్మా హన్ ఇల్లాలా" అన్నాడు, టీ కప్పు ఆమె ముందుకు తోస్తూ. "సియోల్ కంపెనీ ఒకటి కొంటుంది. రిసార్టు పెడతారట. మడులు పూడ్చి కార్లు ఆపుకుంటారు. ఆ డబ్బుతో మనం ఇక్కడ దేగులో వంశానికి అయిదంతస్తుల భవనం కట్టుకుంటాం. లిఫ్టుతో! మోకాళ్ళ నొప్పులతో ఆ కొండ ఎక్కలేక చస్తున్నాం."

"ఎవరు చేశారు తీర్మానం?"

"ఎవరేంటి? అందరం."

"నన్నెవరూ పిలవలేదు."

బాబాయి నవ్వాడు. "నిన్నెందుకు పిలుస్తారు? నువ్వు హన్ వాళ్ళ మనిషివి."

"ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది నేను బాబాయ్."

"చూశావు. కాదన్నానా? మా అపార్టుమెంటు వాచ్‌మన్ కూడా చూస్తాడు, రేయింబవళ్ళూ."

పిల్నామ్ టీ ముట్టుకోలేదు. "ఆడపిల్లలు కూడా వంశంలో మనుషులేనని పెద్ద కోర్టు ఎప్పుడో చెప్పింది కదా. టీవీలో అందరం చూశాం."

"కోర్టు సియోల్లో ఉంది తల్లీ. మనం సోల్మే వాళ్ళం" అన్నాడు గ్యూటేక్. అక్కడితో ఆ మాట తేలిపోయిందనుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆవిడా అలాగే అనుకుంది. ఆ తీర్పు సంగతి యోమ్ వారి ఆడపిల్లలందరికీ తెలుసు, ఏ ఒక్కరూ వాడుకోలేదు. పుట్టింటివాళ్ళ మీద హక్కు అడగడమంటే అమ్మా నాన్నా సమాధుల మీద చెప్పులేసుకుని నడిచినట్టే అనుకునేవాళ్ళు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆన్చుకుని, ఇంకెన్నాళ్ళు ఉంటుందో ఆ ఇల్లు అని కుమిలిపోయింది.

ఆమెను గట్టెక్కించింది ఎవరో కాదు, కొనుక్కోవడానికి వచ్చిన కంపెనీ వకీలే. ఆడపిల్లల్ని పిలవకుండా చేసిన తీర్మానం చిత్తుకాగితమనీ, రేపు ఎవరైనా కేసు వేస్తే కట్టిన రిసార్టు కూడా కూల్చాల్సి వస్తుందనీ అతను గ్యూటేక్‌కు మొహం మీదే చెప్పేశాడు. వంశంలో పుట్టిన ఆడవాళ్ళందర్నీ పేరుపేరునా పిలవాలి, సభలో పేరుపేరునా హాజరు వేయాలి, చేతులెత్తించాలి. అప్పుడే సంతకం.

"దానికేం భాగ్యం" అనుకున్నాడు గ్యూటేక్. వంశవృక్షం పుస్తకాలు బయటికి తీయించాడు. తరతరాల మగవాళ్ళ పేర్లు, వాళ్ళు చదివిన చదువులు, చేసిన ఉద్యోగాలు, సమాధి ఏ కొండకు ఏ వైపున ఉందో కూడా అందులో ఉంది. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఒకటే మాట: 'కూతురు', దాని పక్కన అల్లుడి పేరు. కూతురి పేరు లేదు. ఒక్క కూతురి పేరూ లేదు. ఇది ఎవరూ దాచిన రహస్యం కాదు, అన్ని పెద్దిళ్ళలోనూ అంతే. అల్లుడి పేరు రాస్తే మర్యాద, ఆడపిల్ల పేరు రాయడం అనవసరం అని నమ్మిన మనుషులు వీళ్ళు.

సరే, అల్లుళ్ళకే ఫోన్లు చేద్దామన్నారు. ఆ అల్లుళ్ళలో సగం మంది మట్టి కప్పుకుని పడుకున్నారు. ఉన్నవాళ్ళలో ఒకాయన "ఆవిడా? విడిపోయి ముప్పై ఏళ్ళయింది, ఇప్పుడేం తంటా తెచ్చారండీ?" అని పెట్టేశాడు. పిల్నామ్ మొగుడికి కూడా కబురు పెట్టబోయారని తర్వాత తెలిసింది. వంశం పెద్దల ముందు మైకు పట్టుకుని గంటలకొద్దీ పూర్వీకుల గొప్ప చెప్పే గ్యూటేక్, సొంత వంశం ఆడపిల్లల పేర్లు పది చెప్పలేక తెల్లమొహం వేశాడు.

ఆ ఊళ్ళన్నింటిలో వాళ్ళందరి పేర్లూ తెలిసిన మనిషి ఒకతే ఉంది.

అది ఎలాగంటే, గ్యూటేక్ సొంత అక్క మల్సున్ ఒకసారి తల్లి సమాధి చూసుకోవడానికి వచ్చి, చీకటి పడితే ఎక్కడ పడుకోవాలో తెలియక బస్‌స్టాండులో కూర్చుంది. పిల్నామ్ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, అతిథి గదుల్లో మంచిది ఇచ్చింది. మల్సున్ ఇంకొకరికి చెప్పింది. చలికాలం ముందు కిమ్చీ ఊరగాయ పెట్టుకునే వారం వచ్చిందంటే యోమ్ వారింట పుట్టిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే సోల్మేకు చేరేవాళ్ళు. చేలోని క్యాబేజీ, చేలోని మిరపకాయ, పిల్నామ్ పొయ్యి. ఎవరి దగ్గరా గది అద్దె తీసుకునేది కాదు. అమ్మా నాన్నా పోయాక అన్నదమ్ముల అపార్టుమెంట్లలో సోఫా మీద పడుకోలేని ఆడవాళ్ళకు ఏడాదికి వారం రోజులు పుట్టిల్లు దొరికేది.

గ్యూటేక్ బాబాయి సోల్మేకు వచ్చి వసారా అంచున కూర్చున్నాడు. బార్లీ నీళ్ళు తాగాడు. పెంకులు చూశాడు. మళ్ళీ బార్లీ నీళ్ళు తాగాడు.

"అదేనమ్మా... మన ఆడపిల్లల పేర్లూ ఫోన్ నంబర్లూ కావాలి" అన్నాడు చివరికి, కర్రతో నేల మీద గీతలు గీస్తూ.

"చూస్తాను. సాయంత్రానికి చెప్తాను."

వెళ్ళేవాడు గుమ్మం దగ్గర ఆగాడు. "మా దాని నంబరు కూడా... నీ దగ్గర ఉంటే."

ఆయన మూడో కూతురు తండ్రితో మాటలు మానేసి ఉల్సాన్‌లో ఉంటోంది. తండ్రికి ఆమె ఎక్కడుందో తెలియదు. పిల్నామ్‌కు తెలుసు, ఆమె కిమ్చీలో ఉప్పు తక్కువ వేసుకుంటుందని కూడా తెలుసు.

అంతలోనే తమ్ముడు జేయోంగ్ ఫోను. నోట్లో నాలుక లేని మనిషి, ఆ రోజు మాత్రం రొప్పుతూ మాట్లాడాడు. "అక్కా, ఇవ్వకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇవ్వకు. పేర్లు దొరక్కపోతే సభ లేదు, సభ లేకపోతే అమ్మకం లేదు. నోరు మూసుకుని కూర్చో, ఇల్లు నీకే ఉంటుంది."

"వాళ్ళొచ్చి అమ్మేద్దామంటే?"

"అనరా మరి? ఈ ఇల్లు వాళ్ళకేం పెట్టిందక్కా? ఇన్నాళ్ళకు వాటా వస్తుందంటే ఎవరు కాదంటారు? నేనైనా కాదనను."

తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. పిల్నామ్ ఆ సాయంత్రం మిరప చేలో ఒంటరిగా తిరిగింది. నోరు మూసుకుంటే ఇల్లు నిలుస్తుంది. నోరు తెరిస్తే, ఎన్నడూ తమను లెక్కలోకి తీసుకోని ఇంటిని అమ్ముకునే హక్కు ఆ ఆడవాళ్ళ చేతికి వస్తుంది, వాళ్ళు అమ్మేయొచ్చు. భయమేసిందని తనతో తనే ఒప్పుకుంది. కానీ పెద్దలు రాయకుండా దాచిన పేర్లను తను చెప్పకుండా దాచితే తనకూ వాళ్ళకూ తేడా ఏముంది? ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆవిడ మనసు మొండికేసింది.

పేర్లు ఇచ్చింది. అంతటితో ఊరుకోక, అందరికీ తనే ఫోన్లు చేసింది. చేపల బజారు గొంతుతో.

"రా. ఏ వైపు చెయ్యి ఎత్తుతావో నీ ఇష్టం. కానీ వచ్చి ఎత్తు. గది ఉంచుతాను."

కొందరు ఏడ్చారు. కొందరు మోకాళ్ళ నొప్పులన్నారు. బుసాన్‌లో బట్టల కొట్టు నడిపే హూనామ్ మాత్రం కుండ బద్దలుకొట్టినట్టు చెప్పింది. "వస్తాను పిల్నామక్కా. వచ్చి అమ్మెయ్యమనే చెయ్యెత్తుతాను, ముందే చెప్తున్నా. నా పెళ్ళికి ఈ వంశం ఒక పరుపు కూడా ఇవ్వలేదు. ఇప్పుడైనా ఏదో ఒకటి రానీ."

"సరే. చలికోటు తెచ్చుకో" అంది పిల్నామ్.

చాంద్రమానం పదో నెలలో, పంట ఇంటికొచ్చాక, పూర్వీకుల సమాధుల దగ్గర పెద్ద పూజ జరుగుతుంది. దాని తర్వాత వసారాలో వంశ సభ. ఆడవాళ్ళు ఎప్పుడూ కింద వంటింట్లో పళ్ళేలు సర్దేవాళ్ళే గానీ కొండ ఎక్కింది లేదు. ఆ ఏడు ఎక్కారు. తొంభై దాటిన మల్సున్ ఒక మనవడి వీపు మీద ఎక్కింది, కాకపోతే ఆవిడే అందరికన్నా ముందు చేరింది. మగవాళ్ళు సాగిలపడి రెండుసార్లు మొక్కారు. ఆడవాళ్ళకు ఆచారం నాలుగు. ముసలి మోకాళ్ళు టకటకమంటుండగా నాలుగూ మొక్కారు.

"మొక్కేది రెట్టింపు, లెక్కలో మాత్రం మేం లేం. చోద్యం కాదూ?" అంది మల్సున్, మట్టి దులుపుకుంటూ. గ్యూటేక్ వినబడనట్టు మబ్బుల వైపు చూశాడు.

కిందికి వచ్చాక వసారా నిండిపోయింది. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు, చోటు చాలక మెట్ల మీదా వాకిట్లోనూ. కంపెనీ వకీలు ఒక మూల కూర్చున్నాడు. గ్యూటేక్ లేచి నిలబడి హాజరు పిలిచాడు. ముందు మగవాళ్ళు. ఎంత గొప్ప పేర్లని! 'సుగుణ స్తంభం', 'జ్ఞాన సాగరం', 'వెయ్యేళ్ళ వెలుగు' అని వాటి అర్థాలు. ఒక్కో పేరునూ నోరారా, రాగం తీస్తూ పిలిచాడు. తర్వాత ఆడవాళ్ళు.

"యోమ్ మల్సున్."

మల్సున్ అంటే 'ఇదే ఆఖరు ఆడపిల్ల'. "ఉన్నానురా, ఆఖరుదాన్ని అందరికంటే ముందు పిలిచావు!" అంది. ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు.

"యోమ్ గుమని." 'ఇక చాలు' అని అర్థం.

"ఉన్నాను. చాలలేదు, నా తర్వాత ఇంకా ముగ్గురు పుట్టారు." మళ్ళీ నవ్వు.

"యోమ్ హూనామ్." 'తర్వాతైనా మగపిల్లాడు.'

"యోమ్ పిల్నామ్."

నలభై అయిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఒక పెద్దమనిషి నోట తన పేరు వినబడింది. పిల్నామ్ జవాబు చెప్పాల్సింది చెప్పలేక తలూపింది. బజారంతా వినబడేలా అరిచిన గొంతు ఆ క్షణాన ఎక్కడికి పోయిందో.

గ్యూటేక్ ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. 'అయ్యో మళ్ళీనా', 'కొడుకు కోసం ఎదురుచూపు', 'మగబిడ్డ దారి చూపవే'. మొదట్లో నవ్విన ఆడవాళ్ళు నవ్వడం ఆపేశారు. ఒక్కో పేరూ ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఒక పసిగుడ్డు మొహం మీద విసిరిన నిట్టూర్పు. ఆ నిట్టూర్పులన్నీ వరసగా, తలలు నెరిసిపోయి, ఎదురుగా కూర్చుని ఉన్నాయి. గ్యూటేక్ గొంతులో రాగం ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియలేదు. చివరి పేరు దగ్గర ఆగిపోయాడు.

"పిలవరా" అంది మల్సున్. "నువ్వు పెట్టిన పేరేగా."

"యోమ్... సప్సబి."

'ఆశాభంగం' అని ఆ పేరుకు అర్థం. మూడో కూతురు పుట్టినప్పుడు ఆయనే పెట్టాడు. మెట్ల మీద కూర్చున్న యాభై దాటిన ఆడమనిషి లేచి నిలబడింది.

"ఉన్నాను నాన్నా."

ఆయన ఆమె వైపు చూడలేదు. చేతి రుమాలు తీసి కళ్ళజోడు తుడిచాడు. తుడిచి మళ్ళీ తుడిచాడు. తర్వాత, చాలా చిన్నగా, "అమ్మమనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

మగవాళ్ళలో చాలా చేతులు లేచాయి. ఆడవాళ్ళలోనూ కొన్ని లేచాయి. పిల్నామ్ ఆ చేతుల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళింది. హూనామ్ చెయ్యి సగం లేచి, భుజం దగ్గర ఆగింది. అలాగే కాసేపు ఉంచి, ఒళ్ళో పెట్టేసుకుంది.

"ఏమే, అమ్మెయ్యమనేగా వచ్చావు?" అని పక్కావిడ మోచేత్తో పొడిచింది.

"అవును, అందుకే వచ్చాను" అంది హూనామ్, అందరికీ వినబడేలా. "కానీ నన్ను ఈ ఇంట్లో పేరుపెట్టి పిలిచింది ఇవాళే. ఇవాళే చేతికొచ్చిన పుట్టింటిని ఇవాళే అమ్ముకోనా? కొన్నాళ్ళు ఉండనివ్వండి నన్ను!"

లేచిన చేతుల్లో ఆడవాళ్ళవి ఒక్కొక్కటే దిగాయి. "వద్దనేవాళ్ళు" అని గ్యూటేక్ అడిగేలోపే ఆ వైపంతా చేతులు లేచిపోయాయి. మల్సున్ రెండూ ఎత్తింది. ఒకటే ఎత్తాలని ఎవరో చెప్తే, "రెండోది మా అమ్మది" అంది. మగవాళ్ళ వరసలో జేయోంగ్ అటూ ఇటూ చూసి, అక్కను చూసి, చెయ్యెత్తాడు. అతన్ని చూసి మరికొందరు కుర్రాళ్ళు ఎత్తారు. లెక్కపెట్టే అవసరమే రాలేదు. వకీలు కాగితాలు సంచిలో పెట్టుకుని, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత వాకిట్లో జరిగింది చెప్పడానికి మాటలు చాలవు. డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళు బియ్యపు కల్లు గిన్నెలెత్తి తాగారు. భుజాలాడిస్తూ గుండ్రంగా తిరిగారు. చేపల బజారు గొంతు మళ్ళీ దొరికింది, కొండకు కొట్టుకుని ప్రతిధ్వనించేలా పిల్నామ్ పాడింది. మడులు పూడ్చరు, పెంకులు దింపరు, పొయ్యి ఆరదు. ఆవిడ గెలిచింది, గెలిచినట్టే నవ్వింది. పక్కన ఎవరేమనుకుంటారో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అంతలో మంచు పడటం మొదలైంది. కొండదారి జారుడుగా ఉంది, రేపే బయల్దేరతానని అందర్నీ తెచ్చిన బస్సు డ్రైవరు ఖరాఖండిగా చెప్పేశాడు. గ్యూటేక్ అలవాటు ప్రకారం మగవాళ్ళ సావిడికి వెళ్ళి తలుపు తీశాడు. నేల బాగా కాగిన మూల, దుప్పటి ముసుగేసుకుని మల్సున్ కాళ్ళు బార్లా చాపుకుని ఉంది. ఆమె చుట్టూ ఇంకో ఎనిమిది మంది.

"తలుపెయ్యరా, చలి" అంది అక్క.

పక్క గది తీశాడు. అక్కడా ఆడవాళ్ళే. అన్ని గదులూ వాళ్ళకే. ఫోన్లోనే మాటిచ్చింది కదా పిల్నామ్. కుర్ర మగవాళ్ళు అప్పటికే వసారాలో పరుపులు పరుచుకుంటున్నారు. ముసలాయన మంచులో, కర్ర ఆన్చుకుని నిలబడిపోయాడు.

"బాబాయ్" అంది పిల్నామ్. "వంటింటి పక్క చిన్న గది ఉంది. వెచ్చగానే ఉంటుంది. ఆడపిల్లలం అందరం అందులోనే పెరిగాం."

సప్సబి అప్పటికే దిండూ పరుపూ చంకన పెట్టుకుని ముందు నడుస్తోంది. ఆయన గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగిచూశాడు.

"ఇంత ఇరుకా?"

"అయిదుగురం పట్టేవాళ్ళం" అంది పిల్నామ్.

కూతురు పరుపు వేసింది. "గోడ వైపు పడుకో నాన్నా, తలుపు సందులోంచి గాలి వస్తుంది" అంది. ఆయన గోడ వైపు జరిగాడు. కాసేపటికి లోపల్నుంచి దగ్గి, "పిల్నామ్" అని పిలిచాడు. "పొద్దున ఫలహారం ఎన్నింటికి?"

"అతిథులకైతే ఏడింటికి. ఇంట్లోవాళ్ళు ఎప్పుడు లేస్తే అప్పుడు, వాళ్ళే వండుకోవాలి."

"మరి నేను?"

"మీరు ఇంట్లోవారే కదా బాబాయ్. లేవగానే బియ్యం కడిగి పెట్టండి" అని చెప్పి, పిల్నామ్ దీపం ఆర్పి తన గదికి వెళ్ళిపోయింది.